ఇస్త్రీ బల్లకో నేత చొక్కా

ఇస్త్రీ బల్ల గురించి కూడా టపా రాస్తారా అని నవ్వకండి. సాఫ్ట్‌వేర్ వాడికి వారంలో ఐదు చొక్కాలు కావాలి. కువైట్‌లో 2007 సెప్టెంబరులో వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకి మారింది. అప్పట్నుంచీ ఇక్కడి ఉద్యోగస్తులకి ఆదివారమే సోమవారం. కాబట్టి మా ఇంట్లో శనివారం రాత్రి ఇస్త్రీ రాత్రి అన్నమాట. వీధికో లాండ్రీ ఉంది, కాదనను. కానీ నా చొక్కా నేను రుద్దుకుంటేనే నాకు తృప్తి.

బల్లతో పాటు వచ్చే కవరుంటుంది చూశారూ, పైన వెండి రంగు పూత, కింద స్పాంజి... అది కొత్తలో ముచ్చటగానే ఉంటుంది. వేడిని పైకి తిప్పికొట్టడానికి ఆ పూత. బానే ఉంది, కానీ ఆవిరి ఇస్త్రీ పెట్టెకి అది సరిపడదు. ఆవిరి కిందికి దిగే దారి లేక తేమంతా బట్టలోనే ఉండిపోతుంది. స్పాంజి ఏడాదిలో అప్పడమైపోయి కింది ఇనప జల్లెడ గుర్తులు చొక్కా మీద అచ్చుపడతాయి. పూత పొట్టు రాలడం మొదలైందంటే ఇక తెల్ల చొక్కాల పని గోవిందా!

అందుకని కవరు ఇంట్లోనే కుట్టాం. పైగుడ్డకి ఇంటి నుంచి తెచ్చుకున్న రంగు వెయ్యని చేనేత పంచె. రంగు గుడ్డ వద్దు, ఆవిరి తగిలితే రంగు చొక్కాకి దిగే ప్రమాదం ఉంది. కుట్టేముందు వేడినీళ్ళలో రెండుసార్లు ఉతకాలి. నూలు కుంచించుకుపోయేదేదో అప్పుడే కుంచించుకుపోతుంది. బల్లని గుడ్డ మీద బోర్లించి గీత గీసి, చుట్టూ నాలుగంగుళాలు వదిలి కత్తిరించాం. అంచు మడిచి, లంగాకి బొందు ఎక్కించే పట్టీలాగా కుట్టి, అందులో నూలు తాడు దూర్చి బల్ల కింద బిగించి కట్టడమే. విప్పడం ఎంత తేలికైతే ఉతకడం అంత తేలిక.

లోపల మెత్త సంగతే అసలు చిక్కు. మనవాళ్ళు ఊరెళ్ళేటప్పుడు మోసుకెళ్ళే బొచ్చు దుప్పట్లు పనికిరావు, అవి చాలావరకు సింథటిక్. ఇస్త్రీ పెట్టె మీద మూడు చుక్కలంటే సుమారు 200 డిగ్రీలు. ఆ వేడికి అవి అణిగి గట్టిపడతాయి. అల్ రాయ్‌లో సూక్ అల్ జుమా, అదేనండీ శుక్రవారం సంత, అక్కడ పాత ఉన్ని దుప్పటి ఒకటి దొరికింది. మీకూ అనుమానమొస్తే అంచు నుంచి ఒక్క దారం లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన, ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన, సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా తయారవుతుంది.

ఇక్కడివరకూ నాకు తెలిసిన విద్య. కవరుని కాపాడుకునే విద్య నేర్పింది మాత్రం వేరే మనిషి. మా పక్క వీధిలో ఒకింట్లో పనిచేస్తుంది, రాయచోటి వైపు పల్లె. బకాలా దగ్గర మా ఆవిడ ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే విని పలకరించింది. వాళ్ళ నాన్న ఊళ్ళో బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసేవాడట. ఇప్పుడు తను ఆ ఇంట్లో ఐదుగురు మగవాళ్ళ తెల్ల దిష్‌దాషాలు, గుత్రాలు రోజూ రుద్దాలి. గుత్రాకి గంజి గట్టిగా పడాలి, నుదుటి మీద మడత నిలబడాలి కదా.

ఒకసారి ఒక దిష్‌దాషా మీద వేలెడంత గోధుమరంగు మరక పడింది. ఆ నెల జీతంలో 10 దీనార్లు కోసేశారట. మన డబ్బుల్లో రెండున్నర వేల పైమాటే. ఊళ్ళో కూతురు నర్సింగ్ చదువుతోంది, ఫీజు కట్టాల్సిన నెల అది.

"పెట్టె కాల్చలేదక్కా, గుడ్డ కాల్చినాది," అంది మా ఆవిడతో. "గంజి బల్ల గుడ్డకి అంటుకుంటాది. ఆ మరక ఈపొద్దు కనపడదు, రేపు తడి తగిలితే తెల్లబట్టకి ఎక్కుతాది."

ఆలోచిస్తే నిజమే. కవరు మీద మిగిలిన గంజి వేడికి మాడుతుంది. మీద ఆవిరి పడగానే కరిగి పైబట్టకి అంటుకుంటుంది. ఆ ఇంట్లో కవరు కొన్నాక ఒక్కసారీ ఉతకలేదట. తాడుండదు, స్టేపుల్ చేసి ఉంటుంది.

ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ కోసం 2015లో కువైట్ 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకి 12 గంటలకి మించి పని వద్దని, వారానికి ఒకరోజు సెలవివ్వాలని అందులో ఉంది. 2016లో కనీస జీతం 60 దీనార్లని ప్రకటించారు. మంచిదే. కానీ ఇంట్లో మరక ఎవరి పద్దులో రాయాలో ఇంటివాళ్ళే తేలుస్తారు. ఆవిడ వాదించలేదు. వాదిస్తే 10 దీనార్లతో పోదని తెలుసు.

సరే, ఆ బల్ల కొలత తెమ్మన్నాం. టేపు లేదు కాబట్టి పొడవుకీ వెడల్పుకీ ముళ్ళేసిన దారం పట్టుకొచ్చింది. మా ఆవిడ మిషను మీద రెండు కుట్టింది, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి బల్ల మీద. ఆవిడ అడిగింది ఇంకొకటి: గంజి బట్ట రుద్దేటప్పుడు పైన పరుచుకునే విడి గుడ్డ. "మా నాయన ఇట్లే ఏసుకుంటుండె," అంది. కవరు కన్నా ఆ చిన్న గుడ్డే ముఖ్యమని అప్పుడు తెలిసింది. అది రోజూ ఉతుక్కోవచ్చు.

మేమూ అదే పాటిస్తున్నాం. గంజి బట్టలకి విడి గుడ్డ. పనయ్యాక పెట్టెలో నీళ్ళు పారబోయడం. బల్ల మీద పాత దుప్పటి కప్పడం... 2022 మేలో విమానాశ్రయం మూతపడేంత దుమ్ము లేచింది గుర్తుందా? మూసిన కిటికీల్లోంచి కూడా ఆ పిండిలాంటి దుమ్ము వస్తుంది. దులపకుండా రుద్దితే దాన్ని చొక్కాలోకి ఇస్త్రీ చేసినట్టే.

కవర్లు కుట్టిచ్చి ఏడు నెలలైంది. మళ్ళీ కోత పడలేదట. పోయిన 10 దీనార్లు మాత్రం తిరిగి రాలేదు. ఫీజు బాకీ ఇంకో రెండు నెలలు తీర్చింది.

మీ ఇంట్లో బట్టలు రుద్దేది ఇంకొకరైతే, ఈ వారం ఒక్కసారి ఆ కవరు విప్పి చూడండి. ఉతకాల్సి వస్తే ఉతికించండి. చిరిగితే రెండు మీటర్ల నూలుగుడ్డ, ఒక సాయంత్రం చాలు.