బనియన్ల ఊళ్లో కత్తెర పాఠం

చీర జాకెట్టు కళ్లు మూసుకుని కుట్టే చెయ్యి కూడా బనియన్ గుడ్డ దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. ఎందుకని? తిరుప్పూరు సందుల్లో ఓ పూట తిరిగితే జవాబు దొరుకుతుంది!

కార్తీకం వచ్చిందంటే శబరి ఎక్స్‌ప్రెస్ నిండా నల్లబట్టల స్వాములే. ఈరోడ్ దాటాక, కోయంబత్తూరు ఇంకో యాభై కిలోమీటర్లు ఉందనగా రైలు ఒక ఊళ్లో ఆగుతుంది. స్వాములు టీ తాగి మళ్లీ తమ సీట్లలో సర్దుకుంటారు. ఆ ఊరిని పట్టించుకునేవాళ్లు తక్కువ. నిజానికి వాళ్ల ఒంటిమీదున్న బనియన్లలో ఎన్ని అక్కడే పుట్టాయో! తమిళనాడులోని ఆ ఊరే తిరుప్పూరు. మన ఇళ్లలో నాన్న బనియన్ నుంచి చంటిదాని చెడ్డీ దాకా ఏదో ఒకటి ఇక్కడినుంచి వచ్చి ఉంటుంది.

స్టేషన్ బయటికి రాగానే ఒక పేరు పదేపదే కనిపిస్తుంది... కుమరన్. 1932 జనవరిలో నొయ్యల్ నది ఒడ్డున పోలీసుల లాఠీ దెబ్బలకు కూలిపోతూ కూడా జెండా వదలని కుర్రాడు తిరుప్పూర్ కుమరన్. ఊళ్లో పెద్ద రోడ్డుకు ఆయన పేరే. అప్పటి తిరుప్పూరు ఖద్దరు ఊరు. అంటే నేత ఊరు. ఇంకోపక్క 1925 ప్రాంతంలోనే గులాం ఖాదర్ అనే ఆయన ఇక్కడ అల్లిక మిషన్లు పెట్టించారని చెబుతారు. చాలాకాలం తెల్ల బనియన్లతోనే సరిపెట్టుకున్న ఊరు, 1978లో ఇటలీ వ్యాపారి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాక టీషర్టుల బాట పట్టింది. 2009లో జిల్లా కేంద్రమైంది. ఖద్దరు వెనక్కి వెళ్లింది. నేత ఊరు అల్లిక ఊరైంది.

ఈ నేతకీ అల్లికకీ ఉన్న తేడాలోనే ఇంట్లో కుట్టుకునేవాళ్ల తంటాలన్నీ ఉన్నాయి. నేత బట్టలో పడుగూ పేకా ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. లాగితే కదలదు. అల్లిక బట్ట అలా కాదు. స్వెటర్ లాగా వరసలు వరసలుగా దారపు ఉచ్చులు, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు. లాగితే ప్రతి ఉచ్చూ కాస్త కాస్త విచ్చుకుంటుంది. వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. మిషన్ మీద ఇది గొట్టంలా గుండ్రంగా అల్లుకుంటూ దిగుతుంది. పక్క కుట్టు లేని బనియన్ చూసే ఉంటారుగా... అది ఆ గొట్టాన్ని అలాగే కోసి కుట్టింది!

కిలోల్లెక్కన బట్ట

స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఖాదర్‌పేట. ఎక్స్‌పోర్ట్‌లో మిగిలినవి, చిన్న లోపంతో వెనక్కి వచ్చినవి, ఆర్డరు రద్దై ఆగిపోయినవి అన్నీ ఇక్కడికే చేరతాయి. ఇరుకు సందులు, తలకు తగిలేలా వేలాడే టీషర్టులు, నెత్తిమీద మూటలతో పరుగెత్తే హమాలీలు. ఆఫ్రికా నుంచి వచ్చి గుత్తగా కొనుక్కెళ్లే వ్యాపారులూ కనిపిస్తారు. 2023 జూన్‌లో ఇక్కడి బనియన్ బజారు అంటుకుని యాభై దాకా దుకాణాలు బూడిదయ్యాయి. ఆ సందులు చూస్తే మంట ఎంత తేలిగ్గా పాకి ఉంటుందో అర్థమవుతుంది.

తమిళం రాదని బెంగపడక్కర్లేదు. కొంగునాడులో నాయకరాజుల కాలంనాడు స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల తెలుగు మన చెవికి కాస్త తమిళం కలిసినట్టుంటుంది కానీ, బేరానికి ఢోకా ఉండదు.

ఇక్కడ బట్టను మీటర్లలో కాదు, కిలోల్లో తూస్తారు. మన ఆడవాళ్లకు మొదట తికమక పెట్టేది ఇదే. అందుకే ఇంకో మాట నేర్చుకోవాలి... జీఎస్‌ఎం. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. పల్చటి బనియన్ గుడ్డ 140, 150 ఉంటుంది. మామూలు టీషర్టుది 180. చలికోటు గుడ్డ 280 దాకా వెళ్తుంది. 180 రకం, అరవై అంగుళాల పన్నా ఉన్నది కిలో కొంటే మూడున్నర మీటర్ల పైన వస్తుంది. జాగ్రత్తగా కోసుకుంటే పెద్దవాళ్లవి నాలుగు టీషర్టులు. ముక్కల మూటల్లో ఏరుకునే ఓపికుంటే పిల్లల బట్టలకు ఇంకా చవక.

రంగు చూసి మురిసిపోయే ముందు చేత్తో ఓ పరీక్ష చేయాలి. బట్టను అడ్డంగా మడిచి నాలుగు అంగుళాల మేర రెండు చేతులతో పట్టుకుని లాగాలి. అయిదు దాకా వస్తే పావువంతు సాగే రకం. ఆరు దాకా వస్తే సగానికి సగం సాగేది, లైక్రా కలిసి ఉండొచ్చు. అంతకన్నా ముఖ్యం, వదలగానే మళ్లీ నాలుగుకు రావాలి. రాకపోతే ఆ ముక్క అక్కడే పెట్టేయడం మేలు. మోకాళ్ల దగ్గర ఉబ్బిపోయే పైజామాలన్నీ అలాంటి బట్టవే.

పది గంటల పని... ఇంటి మిషన్

మార్కెట్ దాటి ఇళ్ల వీధుల్లోకి వెళ్తే ఊరి అసలు చప్పుడు వినిపిస్తుంది. ఒక ఇంట్లో ఓవర్‌లాక్ మిషన్ గుర్రుమంటుంది, పక్కింట్లో ఫ్లాట్‌లాక్. అరుగుల మీద ఆడవాళ్లు కుట్టిన బట్టల దారాలు కత్తిరిస్తుంటారు. కంపెనీల్లో టైలర్ పక్కన బట్ట అందించి, మడతపెట్టే పనివాళ్లను ఇక్కడ కైమడి అంటారు. చాలామంది అమ్మాయిలు కైమడిగానే చేరతారు. చూసి చూసి మిషన్ ఎక్కుతారు. పెళ్లై, పిల్లలు పుట్టాక కంపెనీ వేళలకు కుదరదు. అలా ఇంటికి వచ్చేసినవాళ్లలో కొందరు ఓ మిషన్ కొనుక్కుని వీధివాళ్లకు నైటీలు, పిల్లల నిక్కర్లు, సాగే జాకెట్లు కుట్టిపెడతారు. కంపెనీకి ఆర్డర్లు తగ్గితే జాబ్‌వర్క్ ఆగిపోతుంది. వీధివాళ్ల పని మాత్రం ఆగదు. ఇంటి అద్దె చాలాసార్లు ఆ కుట్టుకూలి మీదే గడుస్తుంది. అందుకే ఒక్క నైటీ పాడైనా వాళ్లకు నష్టమే, తర్వాత ఆ ఇంటినుంచి ఇంకో బట్ట రాదు.

మన దగ్గర ఇంట్లో కుట్టుకునేవాళ్లు చాలామంది హోజరీ గుడ్డను ఒకసారి ప్రయత్నించి వదిలేసి ఉంటారు. అలవాటైన కమీజు కొలతతోనే కోసేస్తారు. చాతీ 36 అయితే నాలుగు అంగుళాలు లూజు కలిపి 40. తీరా తొడుక్కుంటే దిండు గలీబు! మెడ జారిపోతుంది, అంచు అలలు అలలుగా లేస్తుంది. తప్పు చేతిది కాదు, కొలతది. నేత బట్ట సాగదు కనుక ఊపిరి పీల్చుకోవడానికీ, చెయ్యెత్తడానికీ మనమే లూజు వదలాలి. అల్లిక బట్టలో ఆ లూజు ఉచ్చుల్లోనే ఉంది. దాన్ని మళ్లీ కాగితం మీద కలపడం దేనికి?

తిరుప్పూరు ఇళ్లలో చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. పాత కమీజు పేపర్ కటింగ్‌ను పారేయరు. ముందు భాగానికీ వెనక భాగానికీ పక్క గీతను ముప్పావు అంగుళం లోపలికి జరుపుతారు. నాలుగు చోట్లా కలిపి మూడు అంగుళాలు పోయి 40 కాస్తా 37 అవుతుంది. మామూలు కాటన్ హోజరీకి అది చాలు. లైక్రా కలిసిన బట్టయితే అంగుళంన్నర చొప్పున తీసి 34కు తెస్తారు. ఒంటికన్నా చిన్న చొక్కా! మొదటిసారి కత్తెర పట్టినవాళ్లకు ఇక్కడే గుండె ఆగుతుంది. చంక అర అంగుళం పైకి లేపుతారు. చేతి గుండ్రంలో పోగుచేసి కుట్టడానికి వదిలే బట్టను తీసేస్తారు. టాప్‌లకైతే డాట్లను కాగితం మీదే మడిచి మూసేస్తారు. ఒంపు బట్టే తీసుకుంటుంది. (బిగుతు జాకెట్టుకు మాత్రం ఒక్క డాటైనా ఉంచితేనే అందం.) జిప్పు, హుక్కుల పని లేదు. తల పట్టేంత సాగితే చాలు.

పట్టించుకోవాల్సింది మెడ. మెడ చుట్టు 20 అంగుళాలుంటే రిబ్ పట్టీని 16, 17కే కోసి గుండ్రంగా కలపాలి. పట్టీనీ మెడనూ నాలుగేసి భాగాలుగా గుర్తుపెట్టుకుని, పట్టీని మాత్రమే లాగుతూ కుట్టాలి. మెడను లాగితే మళ్లీ అలలే! భుజం కుట్టులో సన్నటి టేపు వేస్తారు, లేదంటే నాలుగు ఉతుకులకు భుజం మోచేతి వైపు నడుస్తుంది.

ఓవర్‌లాక్ లేదుగా అని నిరాశపడొద్దు. తొక్కుడు మిషన్ మీదా కుట్టొచ్చు. మార్చాల్సింది మొదట సూది. మామూలు సూది మొన ఉచ్చులను తెంపుతుంది, నాలుగు రోజులకు అక్కడ చిల్లులు బయటపడతాయి. బాల్‌పాయింట్ సూది మొన మొద్దుగా ఉండి ఉచ్చుల మధ్యలోంచి తోసుకుపోతుంది. నూలు దారం బదులు పాలిస్టర్ దారం. జిగ్‌జాగ్ ఉంటే సన్నగా పెట్టుకోవాలి. లేకపోతే కుట్టు కాస్త పొడుగు చేసి, బట్టను ముందూ వెనకా కొద్దిగా బిగబట్టి నడపాలి, తొడుక్కునేటప్పుడు దారం పుటుక్కుమనదు. పాదం నొక్కుడు తగ్గించేందుకు మిషన్ నెత్తిన మర ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి తిప్పని ఇళ్లే ఎక్కువ!

నది ముచ్చట

ఇంత రంగుల బట్టకూ ఊరు వెల కట్టింది. అద్దకపు నీళ్లన్నీ నొయ్యల్‌లోకే వదిలారు. పొలాలకు నీళ్లిద్దామని 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట ఆ మురుగు నిలిచే చెరువైంది. దిగువ రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసేయమంది. ఏడొందల పైచిలుకు యూనిట్లు ఒక్కసారిగా ఆగితే ఊరు స్తంభించింది. ఎందరో సొంతూళ్లకు వెళ్లిపోయారు. ఆ తర్వాత చుక్క నీరు బయటికి వదలకుండా శుద్ధిచేసి మళ్లీ వాడుకోవాలన్న షరతుతో ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆ ఖర్చు కిలో బట్ట ధరలో కలిసే ఉంటుంది. ముదురు రంగు ముక్క కాస్త ఎక్కువ చెబితే విసుక్కోవడం ఎందుకు?

సాయంత్రం రైలుకు వచ్చేవాళ్ల చేతుల్లో సంచులు బరువుగా ఉంటాయి. ఇంటికి చేరగానే కత్తెర తీయాలనిపిస్తుంది. ఆగాలి! కాటన్ అల్లిక మొదటి ఉతుకుకు పొడుగులో కుంచించుకుపోతుంది. ఒక్కోసారి పక్క కుట్టు పొట్టమీదికి తిరుగుతుంది కూడా. అందుకే ముందు తడిపి, పిండకుండా నొక్కి, తీగ మీద కాకుండా మంచం మీద పరిచి ఆరేయాలి. వేలాడదీస్తే సొంత బరువుకే సాగుతుంది. కంపెనీల్లోనూ కోతకు ముందు బట్టను విప్పి గంటల తరబడి వదిలేస్తారు. ఇంట్లో ఒక రాత్రి చాలు. తెల్లారాక కోసిన అంచును కాస్త అడ్డంగా లాగి చూడండి. చుట్టుకున్న వైపు బట్టకు మంచి వైపు.