దేనిమీద ఏది నిలబడింది

మాది మాదిగపల్లె. మా తాత లందలో తోళ్లు ఊనినోడు. మోటబావులకి తొండాలు, ఎడ్లు తోలేవాళ్లకి చెర్నాకోలలు, ఊరందరికీ చెప్పులు కుట్టి, కళ్లం కాడ దూరంగా నిలబడి మేర పట్టుకొచ్చుకున్నోడు. మా అయ్య జీతగాడు. మా ఇంట్లో డిగ్రీ చదివినోణ్ణి నేనే మొదలు. ఇయ్యాల సర్కారు బడిలో లెక్కలు చెబుతున్నా. అయినా ‘కోటా మాస్టారు’ అన్న మాట స్టాఫ్‌రూమ్‌లో నా ఎనకమాల తిరుగుతానే ఉంది.

మా బళ్లో కంప్యూటర్లున్నాయి. విండోస్ 7వి. నెట్టు లేదు. గదికి తాళం. తొమ్మిదో తరగతి పిల్లలు సాంఖ్యక శాస్త్రం పాఠం కింద ఊళ్లో ఏ వాడకి ఎన్ని కుళాయిలున్నాయో లెక్కబెట్టుకొచ్చారు. ఆ లెక్కని వాళ్ల చేతనే కంప్యూటర్లో గ్రాఫు గీయించాలని నా కోరిక. దానికి పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఉంది. మెదడు మీద పరిశోధన చేసిన జాన్ హంటర్ మొదలుపెట్టాడు. 2003లో బయటికొచ్చింది. పైసా కట్టక్కర్లేదు. తాళం అడిగితే ఒక సారు నవ్వాడు. “అయ్యి మనవల్ల అయ్యేవి కావులే మాస్టారూ, తెలిసినోణ్ణి పిలిపించండి.” ‘మన’ అన్నాడు గానీ అందులో ఆయన లేడు.

ఇంటికాడ కొత్త పైథాన్‌తో దించిన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చా. ఈ ప్లాట్‌ఫారానికి చెల్లవంది. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ 3.8. ఆ 3.8 మీద నడిచే చివరి మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.7. దాని కింద నంపై ఉండాలి, అదీ 1.24 దాటకూడదు. బొమ్మలకి పిల్లో, అక్షరాలకి ఫాంట్‌టూల్స్, తేదీలకి డేట్‌యుటిల్. ఒకటి పెడితే ఇంకోటి ఏదంటది. విసుగొచ్చి, ఆధారాలు చూడకుండా ఎక్కించమని బలవంతం చేశా. ఎక్కింది. గ్రాఫు గియ్యమంటే ఆగిపోయింది. సిక్స్ అనే మాడ్యూల్ లేదంట!

నేను సిక్స్‌ని అడగనే లేదు. వెతికితే, డేట్‌యుటిల్ దాని మీద నిలబడింది. సిక్స్ అంటే ఒక్కటే ఫైలు. పైథాన్ రెండుకీ మూడుకీ ఉన్న తేడాలు సర్దటానికి రాశారు. రెండు మూళ్లు ఆరు, అందుకే ఆ పేరు.

ఆ తెర ముందు చాలాసేపు కూర్చున్నా. తాత గుర్తొచ్చాడు. తొండం తెగితే మోట ఆగేది. మోట ఆగితే చేను ఎండేది. పండినప్పుడు పేరు మాత్రం ఆసామిది. ఈ మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనకి ఏవేవి కావాలో పేరుపేరునా రాసిపెట్టుకుంది. మా ఊరు ఏ పుస్తకంలోనూ రాసుకోలా. పైపెచ్చు, మేమే ఊరి మీద పడి బతుకుతున్నామంది.

మర్నాడు దారి మార్చా. ల్యాప్‌టాప్‌లో కూడా 3.8 వేరుగా పెట్టి, పిప్‌ని ఎక్కించమనకుండా దించమన్నా. సిక్స్‌తో సహా కావల్సినయ్యన్నీ ఒక్క ఫోల్డర్లోకి దిగాయి. బళ్లో, నెట్టు జోలికి పోవద్దు, ఈ ఫోల్డర్లోనే వెతుక్కో అని చెప్పి ఎక్కించా. దేనికైనా ఒక వరస ఉంటది. సున్నంలో నానకముందే తంగేడు చెక్క నీళ్లలో వేస్తే తోలు చెడుద్దని బడి మొహం చూడని మా తాతకి తెలుసు.

గ్రాఫు పడింది. ఊరివైపు కమ్మీలు పొడుగ్గా లేచాయి. పల్లె కమ్మీ అడుగున అతుక్కుని ఉంది. పిల్లలెవరూ మాట్లాడలా. కాసేపటికి ఒక పిల్ల అడిగింది: “సార్, దీన్ని కాయితం మీద తీసి పంచాయితీలో ఇయ్యొచ్చా?”

తీసిచ్చాం. కింద పేర్లు రాయించా, కుళాయిలు లెక్కబెట్టినోళ్లందరివీ.