చైనా హోటల్లో బాపు

సెలవులకు గోకుందకు వచ్చినప్పుడల్లా చుట్టాలు మమ్మల్ని మొదట అడిగే మాట ఒకటే: "అక్కడ తిండికి ఎట్ల?" మాంసం, గుడ్డు ముట్టని ఇల్లు మాది. అందుకే ఆ బెంగ. ఇడ్లీ దొరుకుతుంది, దోసె దొరుకుతుంది అంటే వాళ్ళకు సంతోషం. నిజం చెబితే మాత్రం ముఖాలు అదోలా పెడతారు. పదకొండేళ్ళ ఒహాయో కాపురంలో ఇంట్లో వండుకోని పూట మేము ఎక్కువగా తిన్నది చైనా వాళ్ళ చిన్న చిన్న హోటళ్ళల్లోనే.

"కప్పలు, పాములు తింటరట గదా వాళ్ళు!" అని మా మేనత్త. ఆమెకు చెప్పడానికి కుదరని సంగతులు ఇక్కడ రాసి పెడుతున్నాం. మన ఇంటి పిల్లలు ఎప్పుడైనా చదువుకుంటారు.

కొలంబస్‌లో మా ఇంటికి దగ్గర్లో, బట్టలుతికే మిషన్ల దుకాణం పక్కన, ఐదే టేబుళ్ళ హోటల్ ఒకటి ఉండేది. గోడ మీద లైట్లు వేసిన వంటకాల ఫోటోలు, గల్లా పక్కన చెయ్యి ఊపే పిల్లి బొమ్మ. పిజ్జా దుకాణంలోనో బర్గర్ దుకాణంలోనో సగం సరుకు ముందే తయారై ఉంటుంది, ఇది వద్దు అది వద్దు అంటే వాళ్ళు చెయ్యగలిగింది తక్కువ. చైనా వంట అట్లా కాదు. పెద్ద మంట మీద వోక్ అనే గుండ్రటి మూకుడు, చెప్పిన తర్వాతే ఒక్కో ప్లేటూ అందులో పడుతుంది. గుడ్డు వద్దంటే వెయ్యరు, అంతే. పొయ్యి మీదే నల్లా ఉంటుంది, ఒక వంటకు ఇంకో వంటకు మధ్య మూకుడు వేడినీళ్ళతో కడిగేస్తారు. జాగ్రత్త పడాల్సింది సాసుల దగ్గర. ఆ ముదురు రంగు సాసులో ఆయిస్టర్ సాసో కోడి రసమో కలిసే ఉంటుంది. అందుకని సోయా, అల్లం, వెల్లుల్లి చాలని చెప్పేవాళ్ళం. సూపు జోలికి పోయేవాళ్ళం కాదు. చివర్లో ఇచ్చే జోస్యం బిస్కెట్ మాత్రం పిల్లల హక్కు. అది చైనాది కానే కాదట, జపాన్ వాళ్ళు కాలిఫోర్నియాకు తెచ్చిన అలవాటట!

అమెరికాలో ఏ చిన్న ఊళ్ళో రోడ్డు దిగినా ఇట్లాంటి హోటల్ ఒకటి ఎందుకుంటుందో చాలా రోజులు మాకు అర్థం కాలేదు. 1882లో చైనా కూలీలు రాకుండా అక్కడ చట్టం చేశారు, 1943 దాకా అది తీసెయ్యలేదు. వ్యాపారులకు మాత్రం కొంత దారి ఉండేది. 1915లో ఒక కోర్టు తీర్పుతో హోటల్ యజమానులు కూడా వ్యాపారుల లెక్కలోకి వచ్చారు. ఇంకేముంది, సొంతవాళ్ళను తెచ్చుకోవాలంటే హోటల్ పెట్టాలి. అంటే ఆ హోటళ్ళు మొలిచింది నాలుక రుచి కోసం కాదు, కాగితాల కోసం. కాగితాల గురించి మాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

మన సంగతీ కొంచెం అట్లాంటిదే. మనం ఎక్కడికీ వలస పోలేదు, హద్దే జరిగింది. 1956 దాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఆ నవంబరులో బొంబాయి రాష్ట్రంలోకి, నాందేడ్ జిల్లాలోకి పోయింది. 1960 నుంచి మహారాష్ట్ర. బాపు అప్పుడు నాలుగో తరగతి. అక్షరాలు తెలుగులో మొదలుపెట్టి చదువు మరాఠీలో ముగించాడు. కిరాణా లెక్కలు ఈ రోజుకీ తెలుగు అంకెల పలుకుతోనే కూడుతాడు, గిరాకీతో మరాఠీ మాట్లాడతాడు, తురకవాడ దోస్తులతో ఉర్దూ.

2018 ఎండాకాలంలో ఆ బాపు కొలంబస్ వచ్చాడు. అప్పటికి ఆయనకు 72. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకుపోయి, మూడు గంటలు కారు నడిపి తిరిగి వచ్చేసరికి రాత్రయింది. గుళ్ళో తిన్న పులిహోర ఎప్పుడో అరిగిపోయింది. ఇంట్లో వండే ఓపిక ఎవరికీ లేక సీదా ఆ హోటల్‌కే పోయాం.

గల్లా దగ్గర పదేళ్ళ పిల్ల ఒకతి హోంవర్క్ చేసుకుంటూ ఉండేది ఎప్పుడూ. తల్లీ తండ్రీ డెలివరీలు, ఫోన్లు చూసుకుంటే వంట తాతది. తాతకు ఇంగ్లీషు రాదు. మనం ఇంగ్లీషులో చెబితే ఆ పిల్ల పుస్తకం మీంచి తల ఎత్తకుండానే వాళ్ళ భాషలో లోపలికి కేకేసేది. "గుడ్డు ఎయ్యొద్దని గట్టిగ చెప్పు" అని బాపు మాకు, మేము పిల్లకు, పిల్ల తాతకు. తాత వంటింటి తలుపులోంచి తొంగి చూశాడు. తన ఈడు మనిషి, ధోతి, నుదుటి మీద నామం. కాసేపటికి ఆయనే బయటికి వచ్చి, మేము చెప్పని బీన్స్ వేపుడు ఒక ప్లేటు టేబుల్ మీద పెట్టాడు. బాపు లేచి దండం పెట్టాడు. ఆయనా తల వంచాడు.

"తాత మీ వయసు అడుగుతున్నాడు" అంది పిల్ల. చెప్పాం. తాతకు 74 అట. బాపుకు భలే సంతోషమైంది. మా అమ్మాయి వైపు తిరిగి, "నాకంటే రెండేండ్లు పెద్ద, నాకు అన్న అయితడని చెప్పు బిడ్డా" అన్నాడు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఒక్క మాట దొరికింది దానికి. ధీమాగా చెప్పింది, తాతయ్యకు ఇంకొంచెం అన్నం కావాలట అని. ఆ పిల్ల లోపలికి కేకేసింది. పెద్దాయన గిన్నెడు అన్నం తెచ్చి బాపు ముందు పెట్టాడు.

అందరం కడుపు పట్టుకుని నవ్వాం. బాపు కూడా నవ్వాడు, ఆ గిన్నెడూ తిన్నాడు. ఇంటికి వస్తుంటే మాత్రం కారులో చాలాసేపు మాట్లాడలేదు. దిగేటప్పుడు అన్నాడు: "పిల్లకు అన్నం తెలుసు. అన్న తెల్వదు."

బాపు ఉన్న మూడు నెలల్లో మళ్ళీ నాలుగుసార్లు అక్కడికే పోదామన్నాడు, ఇంకో హోటల్ పేరెత్తనివ్వలేదు. పోయే ముందు ఇంట్లో కూర్చుని మనవరాలితో చెప్పించేవాడు, పెద్దాయనతో ఏమేం మాట్లాడాలో. మీకు ఎంత మంది పిల్లలు, మీ ఊళ్ళో ఏ పంట, మోకాళ్ళ నొప్పికి ఏం రాస్తారు. ఆయన వడ్లు అని జవాబు పంపితే బాపుకు పండుగే.

తిరుగు ప్రయాణంలో బాపును దిగబెట్టడానికి వస్తూ సింగపూర్‌లో రెండు రోజులు ఆగాం. అక్కడ ఫుడ్ సెంటర్లలో శాకాహారపు చైనా స్టాళ్ళు చూసి బాపు నోరు తెరిచాడు. బౌద్ధ పద్ధతిలో నిష్ఠగా వండేవాళ్ళు మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. చాంద్రమానం నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం మానేసేవాళ్ళు చాలామంది. "మన కన్నా మడి గట్టోళ్ళు" అని తీర్పు ఇచ్చాడు. గోకుందకు వచ్చాక మా మేనత్తతో ఇదే మాట అంటే ఆమె నమ్మలేదు.

మరుసటి ఏడు టొరంటోలో చుట్టాల ఇంటికి పోయినప్పుడు, వాళ్ళు స్కార్‌బరోలో ఒక హక్కా హోటల్‌కు తీసుకుపోయారు. గల్లా మీద చైనా ముఖం, నోట్లో బెంగాలీ యాస హిందీ! కలకత్తా టాంగ్రాలో పుట్టిన మనిషి. అక్కడ తోళ్ళ పరిశ్రమ నడిపిన హక్కా చైనీయుల్లో చాలామంది 1962 యుద్ధం తర్వాత దేశం విడిచారు. యుద్ధం పేరు మీద సుమారు 3,000 మందిని రాజస్థాన్ దేవ్‌లీ శిబిరంలో పెట్టింది మన ప్రభుత్వం. ఇట్లాంటివి మన బడి పుస్తకాల్లో కనపడవు. హక్కా అంటే అతిథి కుటుంబాలు అని అర్థమట. వందల ఏళ్ళ కింద దక్షిణ చైనాకు వలస వచ్చినవాళ్ళకు పడిన పేరు, ఇంకా పోలేదు. ఆయన హోటల్లో గోబీ మంచూరియా, చిల్లీ పనీర్. చైనాలోని మంచూరియాకు ఆ వంట తెలియదు. 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ చేసిన చికెన్ మంచూరియన్‌కు అది చెల్లెలు. "మీరు మరాఠీవాళ్ళా, తెలుగువాళ్ళా?" అని ఆయన అడిగాడు. మేము మొదలుపెట్టి చెబుతుంటే మధ్యలోనే నవ్వి, "అర్థమైంది, నేనూ అంతే" అన్నాడు. బిల్లులో చాయ్ డబ్బులు వెయ్యలేదు.

ఇప్పుడు కిన్వట్‌లో సాయంత్రమైతే చైనీస్ బండి దగ్గర కాలేజీ పిల్లలు. ఒకే మూకుట్లో కోడి కూడా వేస్తాడని బాపు అటువైపు పోడు. మా కొట్లో మాత్రం సోయా సాస్ సీసాలు చింతపండు డబ్బా పక్కనే పెట్టించాడు. ధర చీటీ ఆయనే తెలుగులో రాసి అతికించాడు. చదవగలిగే గిరాకీ తక్కువ. అందరూ మరాఠీలో అడుగుతారు, ఆయన మరాఠీలో చెబుతాడు, చీటీ తియ్యడు.