ఒక్క దేహం

మా చిన్ననాట ఇంటి వసారాలో మా తాతగారి దూది ఏకే విల్లు వేలాడుతూ ఉండేది. పత్తి పండే ఈ గుంటూరు సీమలో దూదేకులవారి ఇంటికి అదే ఆనవాలు. నమాజు చేసేవారమే అయినా ఇంట మాట్లాడేది తెలుగు. ఒక పెళ్లి విందులో, ఉర్దూ రాదన్న కారణాన, మమ్మల్ని చివరి పంక్తికి పంపారు. ఆ తరువాతి శుక్రవారం మసీదులో ఒక హదీసు విన్నాము. విశ్వాసులందరూ ఒక్క దేహం వంటివారనీ, ఒక అవయవం బాధపడితే దేహమంతా జ్వరపడుతుందనీ దాని భావం. మరి మేము ఆ దేహంలో ఏ అవయవము?

అధ్యాపకులమైన పిదప, జాషువ 'క్రీస్తు చరిత్ర'ను బోధించేందుకు బైబిలు తెరిచాము. పౌలు క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి లేఖలో అదే ఉపమానం ఎదురైంది. అక్కడి తగవులలో ఒకటి భోజనం వద్దనే పుట్టింది. కలిగినవారు ముందే తినేవారు. లేనివారు ఆకలితో మిగిలేవారు.

సమాజాన్ని దేహంతో పోల్చడం పౌలు కల్పన కాదు. రోము సామాన్యులు అలిగి నగరం విడిచినపుడు మెనేనియస్ అగ్రిప్పా వారికొక కథ చెప్పాడని లివీ వ్రాశాడు. కడుపుపై కోపించి పని మానిన అవయవాలు తామే కృశించాయట. అక్కడ ఉపమానం క్రిందివారిని ఒదిగి ఉండమంది. పౌలు దానిని పైవారి వైపు త్రిప్పాడు. బలహీనమని తోచే అవయవానికే ఎక్కువ గౌరవం చెల్లాలన్నాడు.

ఆ లేఖ మన ఒంగోలులోనూ పని చేసింది. మాదిగలను చేర్చుకొంటే తాము రామని పైకులాలవారు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌతో అన్నారు. ఆయన, వేరొక గదిలో ఆయన భార్య, ఇరువురూ తెరిచినది ఆ లేఖ మొదటి అధ్యాయమేననీ, అల్పులను దేవుడు ఎన్నుకొన్నాడన్న భావం చదివి మాదిగలను చేర్చుకొన్నామనీ ఆయన తన ఆత్మకథలో చెప్పుకొన్నారు. 1876–78 కరువు తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయినా కులం కరగిపోలేదు, సంఘాలలోనూ మిగిలింది.

మేమూ నిర్దోషులము కాము. మా కౌలు చేలో మిరపకాయలు కోయడానికి క్రైస్తవపేట నుండి వచ్చిన కూలీలకు దోసిట్లో పైనుంచి నీళ్లు పోసేవారు. పోసిన చేతులలో మావీ ఉన్నాయి. చివరి పంక్తి అవమానం గుర్తున్నంతగా ఆ దోసిళ్లు మాకు చాలాకాలం గుర్తుకు రాలేదు.

ఉర్దూలో 'హమ్' ఒక్కటే. తెలుగులో 'మేము', 'మనము' అని రెండున్నాయి. ఒకటి ఎదుటివారిని వెలుపల ఉంచుతుంది. మరొకటి లోనికి పిలుస్తుంది. పౌలు దేహోపమానాన్ని తెనిగించినవారు ఎంచుకొన్నది 'మనము'. మేము మాత్రం ఈ వ్యాసమంతా 'మేము' అనే వ్రాశాము. విద్యార్థులారా, కళాశాల సంఘ పెద్దలారా, రాబోయే వార్షికోత్సవ విందులో వండినవారు, ఊడ్చినవారు ఏ పంక్తిలో కూర్చుంటారో చూడండి. మనము ఒక్క దేహమో కాదో అక్కడ తేలుతుంది.