పాళీ మారింది, పెన్ను మారలేదు

నా పెన్ను సంగతి చెబుతాను, నవ్వకూడదు మరి.

డిగ్రీలో ఉండగా మా మేనమామ రాజమండ్రి నుంచి తెచ్చిచ్చిన నల్లటి సిరా పెన్ను అది. నా మొదటి కథ దానితోనే రాశాను. అచ్చయింది. ఇక చూసుకోండి, కథ రాసింది ఆ పెన్నేననీ, నేను ఊరికే చెయ్యి అరువిచ్చాననీ ఓ నమ్మకం పట్టుకుంది. పాల పద్దుకీ, బ్యాంకు ఫారాలకీ వేరే పెన్నులు. ఇది కథలకే. పిల్లలు ముట్టుకుంటే నా ముఖం ఎలా మారేదో మా ఆవిడ ఇప్పటికీ అభినయించి చూపిస్తుంది.

నిజం చెప్పాలంటే అందులో మామయ్య ఇచ్చిన సరుకు పెద్దగా మిగల్లేదు. పాళీ రెండుసార్లు మారింది. పాళీ కింది నాలుక ఒకసారి. మూత రైల్లో పోతే ఇంకో పెన్ను మూత బిగించాను. మిగిలింది ఒళ్ళు, దాని మీద నా పంటిగాట్లు.

పోయినేడు అది కనిపించకుండా పోయింది. రెండు రోజులు కాగితం ముందు కూర్చుని వినాయకుడి బొమ్మలు వేశాను. ఒక్క వాక్యం రాలేదు. మూడో రోజు మా ఆవిడ, "ఇదుగోండి, బీరువా వెనక పడుంది" అని చేతిలో పెట్టింది. రాత్రి పదింటికి కథ పూర్తి! వారం తర్వాత ఉతకడానికి తీసిన పాత చొక్కా జేబులోంచి అసలు పెన్ను బయటపడింది. నేను కథ రాసింది ఆవిడ బజార్లో నూటయాభై పెట్టి కొన్నదానితో. పంటిగాట్లు లేవన్న సంగతే నాకు తట్టలేదు. "కథ బాగానే వచ్చిందిగా, ఇంకేం?" అంది.

సిగ్గుపడాల్సిందే గానీ, నాకంటే ఘనులున్నారు. జర్మన్ మహాకవి షిల్లర్ రాతబల్ల సొరుగులో కుళ్ళిన ఆపిల్ పళ్ళు పెట్టుకునేవాడట. స్నేహితుడైన కవి గ్యోథే ఒకసారి ఆయనింటికి వెళ్ళి, ఆయన లేకపోతే ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు. కాసేపటికి కళ్ళు తిరిగినంత పనైంది. కంపు ఎక్కడిదా అని సొరుగు లాగితే పళ్ళు. అవి లేకుండా మా ఆయనకి పని సాగదు అందట షిల్లర్ భార్య. గ్యోథే ఈ ముచ్చట 1827లో తన సహాయకుడు ఎకర్‌మన్‌కి చెప్పాడు. ఆ ఇల్లాలి ఓర్పుకి మాత్రం దణ్ణం పెట్టాలి.

శాస్త్రం ఏమంటుందంటారా? 2010లో జర్మనీలో కొందరి చేత గోల్ఫ్ బంతి కొట్టించారు. సగం మందికి "ఇది కలిసొచ్చే బంతి" అని చెప్పి ఇచ్చారు. వాళ్ళు పదింటికి సగటున ఆరుకి పైగా గుంటలో వేస్తే, మిగతావాళ్ళు అయిదు కూడా వెయ్యలేదు. నేను ఎగిరి గంతేశాను. 2014లో అమెరికాలో ఇంకా ఎక్కువమందితో అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ తేడా కనిపించలేదు. కూర్చున్నాను.

నాకు తోచింది చెబుతాను. పెన్ను కథ ఇవ్వదు. రాస్తే బాగా రాదేమో అని ఓ గుబులుంటుంది చూడండి, చేతిలోకి రాగానే పెన్ను దాన్ని కాస్త పక్కకి నెడుతుంది. ఆ కాస్త జాగాలోంచి మొదటి వాక్యం దూరి వస్తుంది. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. పెన్ను పోయిన ఆ రెండు రోజులూ నా దగ్గర కథ కూడా సరిగ్గా లేదు. నెపానికి పెన్ను దొరికింది, అదే, దొరకలేదు.

చిన్నప్పుడు మనకి ఇవన్నీ ఎవరు నేర్పారండీ? లెక్కల పుస్తకంలో నెమలీక దాచి, పిల్లలు పెడుతుందని పెన్సిల్ చెక్కు మేతగా వేసేవాళ్ళం. రోజుకి పదిసార్లు పుస్తకం తెరిచి చూసేవాళ్ళం. పిల్లలు పుట్టలేదు గానీ, లెక్కల పుస్తకం తెరవడానికి మాకు అంతకుమించి కారణం ఎప్పుడూ లేదు. చదువొస్తుందని సరస్వతి ఆకు పెట్టుకోని పుస్తకం మా బళ్ళో లేదు. పుస్తకానికి కాలు తగిలితే ఇప్పటికీ చెయ్యి దానంతటదే కళ్ళకి పోతుంది.

పదో తరగతి పరీక్షలకి మా మనవరాలు ఆ పెన్ను అడిగింది. "తాతయ్యా, నీది లక్కీ కదా!" అంది. ఏది అసలో ఏది నకిలీయో నాకూ గుర్తులేదన్నట్టు రెండూ ముందు పెట్టాను. పంటిగాట్లున్నది వేలితో తడిమి మరీ తీసుకుంది. రెండోది ఈమధ్యే మా ఆవిడ పాల పద్దుకి తీసేసుకుంది. కాబట్టి ఈ కబుర్లు మెడికల్ షాపువాడు ఊరికే ఇచ్చిన బాల్‌పెన్నుతో రాశాను. ఎక్కడైనా విసుగనిపిస్తే నన్ననకండి.