సీగానపెసూనాంబ అసలు పేరు



ఈ వారం ఒక బొమ్మల కథలోని చిన్న పిల్ల గురించి రాస్తున్నాం. అయ్యగారు, అమ్మగారు వాక్యం వదిలి బొమ్మల్లో పడ్డారేంటని అనుకోకండి. కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి, మీతో పని ఉంది.

బుడుగు పేరు మనలో పెద్దవాళ్ళు కొందరైనా విని ఉంటారు. 1956 ప్రాంతంలో, మద్రాసు నుంచి వచ్చే ఆంధ్ర సచిత్ర వారపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణ గారు రాస్తే బాపు గారు బొమ్మలు వేశారు. అల్లరి పిల్లవాడు తన ఇంటి సంగతులు తనే చెబుతున్నట్టు ఉంటుంది. అమెరికా పేపర్లలో 1951లో మొదలైన డెనిస్ అనే అల్లరి పిల్లవాడిలాగా గళ్ళు గీసి నడిపిన బొమ్మల వరస కాదిది. కబుర్లు ఎక్కువ, బొమ్మలు తక్కువ. కానీ ఆ బొమ్మలు చూడకుండా బుడుగును తలుచుకోలేం. వాడి చుట్టూ అమ్మా నాన్నా, బామ్మ, బాబాయి, ప్రైవేటు మాస్టారు, పక్కింటివాళ్ళు. అందరిలోకీ చిన్నది వాడి నేస్తం సీగానపెసూనాంబ.

ఆ పిల్ల అసలు పేరు జ్ఞానప్రసూనాంబ. శ్రీకాళహస్తిలో కొలువైన అమ్మవారి పేరు. అంత బరువైన పేరు బుడుగు నోట్లో పడి అలా మారింది. కథలో ఆ పిల్ల చేసే పని పెద్దగా లేదు. పక్కన ఉంటుంది, అంతే. అయినా దగ్గర దగ్గర 70 ఏళ్ళు గడిచాక కూడా, తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ముద్దుగా, కాస్త గడుసుగా ఉండే ఆడపిల్లను సీగానపెసూనాంబ అని పిలిచేవాళ్ళు ఉన్నారు. అలా పిలిచే వాళ్ళందరూ పుస్తకం చదివినవాళ్ళని మేం అనుకోం. రమణ గారు 2011లో పోయారు, బాపు గారు 2014లో పోయారు. ఆ పిల్ల మాత్రం ఇంకా ఎవరో ఒకరి ఇంట్లో తిరుగుతూనే ఉంది.

పక్క పాత్రలు ఇలా కథ దాటి బయటికి రావడం లోకంలో ఇంకా జరిగింది. పొపాయి అనే నావికుడు 1929లో ఎవరిదో కథలో ఒక ఓడ పని కోసం వచ్చి, చివరికి ఆ కథకే యజమాని అయి కూర్చున్నాడు. ఆ పొపాయి కథలోకే 1936లో యూజీన్ అనే వింత జంతువు వచ్చింది. దాన్ని జీప్ అనేవారు. ఎక్కడికైనా పోగలదు, ఏ అడ్డమూ దాన్ని ఆపదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు తమ బండికి ఆ పేరే పెట్టారని చాలామంది చెబుతారు. కాదు, బండి మీద రాసే జీ, పీ అనే రెండు ఇంగ్లీషు అక్షరాల నుంచి వచ్చిందనే వాదనా ఉంది. మొదటిది నిజమైతే, ఉట్నూరు గుట్టల్లో వానాకాలం జీపెక్కి ఆసుపత్రికి పోయిన ముసలవ్వలందరూ ఒక బొమ్మ జంతువు పేరు తెలియకుండానే పలికినట్టు.

మళ్ళీ మన పిల్ల దగ్గరికి వద్దాం. బుడుగు ఇంటి తెలుగు మన ఇంటి తెలుగు కాదు. అది గోదావరి వైపు తెలుగు. బామ్మ మాటలకు మన కరీంనగరం పిల్లలు అర్థం అడుగుతారు. మొన్న ఎండాకాలం సెలవుల్లో, వీబీయస్ అయిపోయిన సాయంత్రం, మేము ఆ పుస్తకంలోంచి కొంచెం చదివి వినిపించాం. సగానికి సగం జోకులు నేల మీద పడిపోయాయి. కానీ జ్ఞానప్రసూనాంబ అని పలకమని పోటీ పెట్టేసరికి గుడి అంతా నవ్వులే. గానపసూరమ్మ అన్నారు, నానబిసనాంబ అన్నారు. ఒక బుడతడు లేచి “గదేం పేరు అయ్యగారూ, గంత పొడుగున్నది, పెసరమ్మ అంటె అయిపాయె గద” అన్నాడు. బుడుగు మన ఊళ్ళో పుట్టి ఉంటే ఆ పిల్ల పేరు పెసరమ్మే అయ్యేది.

ఆ సాయంత్రం నుంచి పేర్ల గురించే ఆలోచిస్తున్నాం. మన సంఘం రిజిస్టరు తీసి చూడండి. ఎస్తేరు ఎత్తేరమ్మ అయింది. సమూయేలు సామేలు అయ్యాడు. అబ్రహాము అబ్రామయ్య. ఎలీసబెతు పేరును మన అవ్వలు ఎన్ని రకాలుగా పిలుస్తారో రాస్తే ఇంకో పేజీ కావాలి. ఎక్కడి యూదయ దేశపు పేర్లు, ఎక్కడి మానేరు ఒడ్డు నోళ్ళు! నాలుక తిరగక మారిన పేర్లు ఇవన్నీ. ఎవరూ నొచ్చుకోలేదు. ఎత్తేరమ్మ అని పిలిస్తేనే పలికే అవ్వ మన మూడో బెంచీలోనే ఉంది, ఎస్తేరు అంటే ఎవరినో అనుకుంటుంది.

కానీ మన జిల్లాల్లో పేరు ఇంకో రకంగా కూడా విరిగింది. దొరల గడీల కాలం చూసిన పెద్దలు మన సంఘంలో ఇంకా కొందరు బతికి ఉన్నారు. మల్లయ్య అని తల్లి పెట్టిన పేరులో అయ్యను తీసేసి మల్లిగా అన్నారు. పోచమ్మను పోచి అన్నారు. ఆ దొర కొడుకు, పదేళ్ళ పిల్లవాడు, యాభై ఏళ్ళ మనిషిని అలా పిలిచేవాడు. ఆ మనిషి బాంచన్ దొరా అని వంగాలి. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు వేలమంది నడిచారు. కూలి, వెట్టి, భూమి అని చదువుకున్నవాళ్ళు దాని గురించి రాస్తారు, అది నిజమే. మన పెద్దలను కూర్చోబెట్టి అడిగితే మాత్రం మొదట పిలుపు సంగతి వస్తుంది. “మమ్ముల అరెయ్ తురెయ్ అనుడు బందైంది” అంటారు. కూలి ఎంత పెరిగిందో కొందరు మరిచిపోయారు కానీ, మొదటిసారి తమను అయ్య అని ఎవరు పిలిచారో మరిచిపోలేదు.

బుడుగు కూడా పేరు విరిచాడు, దొర కొడుకు కూడా విరిచాడు. ఇద్దరూ పిల్లలే. బుడుగుకు ఆ పేరు పలకడం రాదు, వచ్చినంత పలికాడు. దొర కొడుక్కి పలకడం వచ్చు.

ఇంకో పాత్ర ఉంది, రెండుజెళ్ళ సీత. బుడుగు బాబాయికి ఆమె అంటే ఇష్టం. ఆమె పేరు మీదే 1983లో జంధ్యాల గారు సినిమా తీశారు. సీగానపెసూనాంబకు దక్కని వెండితెర ఈమెకు దక్కింది. ఆ సినిమా చూసి మేమూ నవ్వాం. అయినా ఒక మాట. పిల్లవాడు జడలు చూసి ఆమెను గుర్తుపట్టడం వేరు, కాలేజీ గేటు దగ్గర నిలబడ్డ మగపిల్లలు జడను బట్టి, చున్నీ రంగును బట్టి అమ్మాయిలకు పేర్లు పెట్టడం వేరు. మన యవ్వనస్థులు కొందరు ఇది చదువుతున్నారని మాకు తెలుసు.

అపొస్తలుల కార్యముల 12వ అధ్యాయంలో రొదే అనే చిన్నది ఉంది. చెరసాలలోంచి బయటపడిన పేతురు తలుపు తడితే, గొంతు గుర్తుపట్టి, సంతోషంతో తలుపు తీయడమే మరిచి లోపలికి పరుగెత్తింది. లోపలివాళ్ళు నమ్మలేదు, నీకు పిచ్చి అన్నారు. పేతురు బయట తడుతూనే ఉన్నాడు. ఆ కథ చదివినప్పుడల్లా బాపు గారు దీనికి బొమ్మ వేసి ఉంటే ఎంత బాగుండేదని మాకు అనిపిస్తుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో కూడి ప్రార్థన చేస్తున్నవాళ్ళు అనేకులు. ఇంటివాళ్ళ పేర్లు తప్ప, వాళ్ళలో ఒక్కరి పేరూ లూకా రాయలేదు. తలుపు తీయని పనిపిల్ల పేరు మాత్రం రాశాడు.

ఇక మీతో పని ఉందన్నాం కదా, అది చెబుతాం.

గల్ఫుకు పోయిన మన అన్న ఒకరు రెండేళ్ళ క్రితం అక్కడే ప్రభువు నందు నిద్రించారు. అందరూ కలిసి శరీరాన్ని తెప్పించుకున్నాం, అది మీకు తెలుసు. తరువాతి సంగతి చాలామందికి తెలియదు. ఆయన పాస్‌పోర్టులో భార్య పేరు, సంఘంలో మనం పిలిచే పేరు ఉంది. ఆ చెల్లెమ్మ ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఆమె అవ్వ పెట్టిన పేరు ఉంది. ఈ ఇద్దరూ ఒకరే అని రుజువు చేయమన్నారు. ఆమె నోటరీ అఫిడవిట్ పెట్టింది, పంచాయతీ కాగితం పెట్టింది, మేము సంఘం రిజిస్టరు నకలు సంతకం చేసి ఇచ్చాం. ఒక ఆఫీసు వాళ్ళు చాలదన్నారు. ఇంకో ఆఫీసు వాళ్ళు జిల్లా పేరు కలవలేదన్నారు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి కదా, పాత కాగితంలో కరీంనగర్, కొత్త కాగితంలో జగిత్యాల. ఆదిలాబాద్ పోయి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ వచ్చినవాళ్ళకూ ఇదే తిప్పలు. డబ్బు ఇంకా చేతికి రాలేదు. పెద్దపిల్ల డిగ్రీ రెండో ఏడు ఫీజు కట్టాలి. పోయినసారి ఆఫీసు మెట్లు దిగుతూ ఆ చెల్లెమ్మ అన్నది, “అయ్యగారూ, నేను నేనే అని నాకు తెలుసు, ఆయనకు తెలుసు. ఆయనేమో లేకపాయె.”

గల్ఫులో ఉన్న తమ్ముళ్ళు ఇంకో సంగతి చెబుతారు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. అక్కడివాళ్ళు ముందున్నదే అసలు పేరు అనుకుని ఇంటిపేరుతో పిలుస్తారు, కొన్ని చోట్ల తండ్రి పేరుతో పిలుస్తారు. ఒక తమ్ముడు ఆరేళ్ళుగా క్యాంపులో తన నాయన పేరుకే పలుకుతున్నాడు. మొదట బాధపడ్డాడట. ఇప్పుడు, నాయన పోయాక, ఎవరైనా ఆ పేరు పెట్టి కేక వేస్తే బాగుంటుంది అంటున్నాడు. దీని మీద మేము ఏమీ చెప్పదలచుకోలేదు, విన్నది రాశాం.

వచ్చే శనివారం మధ్యాహ్నం 2 గంటలకు గుడిలో కూర్చుందాం. ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం, పాస్‌పోర్టు, బాప్తిస్మ పత్రం, రేషన్ కార్డు, ఏవి ఉంటే అవి తెచ్చుకోండి. కాలేజీ చదివిన మన పిల్లలు నలుగురు ఒక్కొక్కరి కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. అక్షరం తేడా ఉన్నా రాసుకుంటారు. తేడా ఉన్నవాళ్ళం కలిసి మీసేవకు పోదాం. దూరంలో ఉన్నవాళ్ళు పాస్‌పోర్టులో భార్య పేరు, తల్లి పేరు ఉన్న పేజీ ఫోటో తీసి ఇంటికి పంపండి. భర్త సంతకం లేనిదే రానని ఎవరూ ఆగిపోవద్దు.

అవ్వలు కూడా రావాలి. మూడో బెంచీ అవ్వా, నువ్వు ముఖ్యంగా. నీ కార్డులో ఏమని ఉందో నువ్వు ఇంతవరకు ఎవరికీ చూపలేదు.