బొంత

అనువాదకులకు నిఘంటువు చేసే ఉపకారం కొంత, అపకారం కొంత. హిందీలో 'గుదడీ' అన్న చోటనెల్లా నేను 'బొంత' అని వ్రాస్తూ వచ్చాను. సంస్కృతంలో 'కంథ' అన్నా అదే. 'సుజనీ' అన్న మాట ఎదురైనపుడు మాత్రం నా కలం ఆగుతుంది.

టాటానగర్ రైలు స్టేషనుకు చేరువనున్న జుగ్సలాయిలో నా బాల్యం గడిచింది. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని శ్రీకాకుళం నుండి, బిహారు నుండి, వంగదేశం నుండి వచ్చిన కుటుంబాలు మా సందులో ఉండేవి. చలికాలం రాబోతున్నదనగా మధ్యాహ్నపు వేళ స్త్రీలు మా అరుగు మీద చేరేవారు. ఉతికి ఉతికి మెత్తబడిన పాతచీరలను పొరలుగా పరచి, నలుగురూ నాలుగు వైపుల కూర్చుండి కుట్టేవారు. వంగదేశపు ఆమె చీర అంచులోని రంగుదారాన్నే లాగి సూదికెక్కించేది. దారం కొనే ఖర్చు తప్పుతుందని మా అమ్మ ఆ విద్య వెంటనే నేర్చుకొన్నది. హిందీ మాత్రం నేర్చుకోలేదు. అందుచేత పదేండ్ల నేనే అందరికీ దుబాసీని.

ముజఫర్‌పూర్ వైపు నుండి వచ్చిన ఒకామె ఒకనాడు సగం కుట్టిన చిన్న సుజనీని తెచ్చింది. పుట్టబోయే బిడ్డకై పాతచీరలతో కుట్టే మెత్తని పక్కబట్ట అది. ఎవరికని అమ్మ అడిగించింది. "వహ్ నహీఁ రహా" అన్నదామె. "ఉండలేదట" అని చెప్పాను. "అమ్మమ్మ గారింటికి వెళ్లాడేమో అడుగు" అన్నది అమ్మ. అడిగాను. ఆమె సూదిని బట్టలో గుచ్చి, లేచి వెళ్లిపోయింది. వంగదేశపు ఆమె సైగలతో చెప్పేదాకా మాకు సంగతి తెలియలేదు. 'పోయాడు' అని ఉంటే సరిపోయేది. మాటకు మాట పెట్టి నేను చేసిన మొదటి అనువాదం అది.

నాలుగు రోజులకు ఆమె మళ్లీ వచ్చి తన చోటనే కూర్చున్నది. అమ్మ ఏమీ అనక, సూదికి దారమెక్కించి అందించింది.

ఆ ముజఫర్‌పూర్ జిల్లాలోనే, భుసురా గ్రామంలో, 1988లో స్త్రీలు సంఘంగా కూడి తమ బ్రతుకులను సుజనీల మీద బొమ్మలుగా కుట్టనారంభించారు. వరకట్నపు బాధ కూడా వాటిలో కనబడుతుంది. ఆ పనికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. అవి చూచినపుడు నాకు బొమ్మలేని ఆ చిన్న గుడ్డయే జ్ఞాపకం వచ్చింది.

మరుసటి సంవత్సరం మా తమ్ముడు పుట్టాడు. పురిటి స్నానం నాడు ఆమె ఆ సుజనీని పూర్తిచేసి తెచ్చింది. మా నాయనమ్మ ముఖం చిట్లించి, "పోయిన బిడ్డ గుడ్డ! పురిటింట పెట్టరాదు, తీసుకుపొమ్మని చెప్పు" అన్నది.

"ఆ మాట హిందీ చేయకు" అన్నది మంచం మీది నుండి అమ్మ.

పెద్దావిడ ఏమంటున్నదని ఆమె నన్ను అడిగింది.

"చాలా మెత్తగా ఉన్నదంటున్నది" అన్నాను.